కథ చెప్పకుండా భయం పంచడం: హారర్ నవలలు, సినిమాలు తోటి అభిమానులకు చేరవేసే పద్ధతి

‘ఆ బావి దగ్గర సీన్ చూడు, గుండె ఆగిపోతుంది’ అన్న ఒక్క మాటతో ఆ సీన్ పాడైపోతుంది. విన్నవాళ్లు సినిమా మొదలైన దగ్గర్నుంచి బావి కోసమే కాచుకుని కూర్చుంటారు. తీరా అది వచ్చాక ‘ఓహో, ఇదేనా’ అనుకుని ఊరుకుంటారు. మంచి పాటకు ఈ బెడద లేదు, ఎన్నిసార్లు పొగిడినా అది చెడదు. హారర్‌కు పొగడ్తే శత్రువు. నచ్చిన నవలనో సినిమానో ఇంకొకరికి అందించాలంటే అందులో ఏముందో మనం దాచుకోవాలి. ఆ భయం వాళ్లకు తగిలేలా చుట్టూ ఉన్నవన్నీ సిద్ధం చేయాలి. కింద చెప్పే పద్ధతి అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

కలిసి చదివి, చూసేందుకు ఒక చిన్న గుంపు కట్టండి: ఆరుగురి నుంచి ఎనిమిది మంది, నెలకు ఒక నవల, ఒక సినిమా. నలుగురే ఉంటే ఇద్దరు రాని రోజున మాటలు సాగవు. పది దాటితే గదిలో గుసగుసలు మొదలవుతాయి, భయం నిలవదు.

ముందు అడగండి, తర్వాత ఇవ్వండి

కొత్తగా చేరిన మనిషికి మీకిష్టమైనది చేతిలో పెట్టకండి. మూడు ప్రశ్నలు వేయండి. చిన్నప్పుడు దేనికి భయపడేవారు? ఏది చూడలేరు? నెమ్మదిగా నడిచే కథను ఎంతసేపు భరిస్తారు?

మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు చాలా చెబుతుంది. ‘మేడ మీద చీకటి గది’ అన్నవాళ్లకు ఇంటి కథలు పట్టుకుంటాయి. ‘నాయనమ్మ చెప్పిన కొరివి దెయ్యం’ అన్నవాళ్లకు పల్లె, పొలిమేర, శ్మశానం ఉన్న కథలు. ‘అమ్మ ఒకరోజు నన్ను గుర్తుపట్టలేదని కల వచ్చేది’ అన్నవాళ్లకు దెయ్యమే అక్కర్లేదు, మనసు మీద నడిచే కథ ఇవ్వండి. రక్తం, నరుకుడు ఎక్కువున్నవి ఎవరికీ మొదటి సినిమాగా వద్దు. వాటికి అలవాటు పడ్డాక నిదానంగా భయపెట్టే కథ చప్పగా అనిపిస్తుంది. ముందు నిదానమైనవి, తర్వాత ఘాటైనవి అనే వరుస తిరగబడకూడదు.

రెండో ప్రశ్నను నలుగురిలో అడగొద్దు. పసిపిల్లల చావు, లైంగిక హింస, గర్భిణికి హాని, ఆత్మహత్య, జంతువులను హింసించడం, ఊపిరాడకపోవడం, సూదులు, పాములు అని ఒక జాబితా రాసి విడిగా పంపండి. చూడలేనివాటికి టిక్కు పెట్టి తిరిగి మీ ఒక్కరికే పంపమనండి. సినిమాలో అలాంటిది ఉంటే ఆ మనిషికి మాత్రం ‘గంటా పది నిమిషాల దగ్గర నేను భుజం తడతాను, మూడు నిమిషాలు బయటికెళ్లి రండి’ అని చెప్పండి. అలా చేస్తే మిగతావాళ్లకు కథ తెలియదు, ఆయనకో ఆవిడకో రాత్రి నిద్ర పాడవదు. ఇటీవలే ఇంట్లో చావు చూసిన వాళ్లుంటే ఆ నెల కార్యక్రమమే మార్చేయండి, మొహమాటం అక్కర్లేదు.

వయసు సంగతి సెన్సార్ సర్టిఫికెట్ చూసి తేల్చుకోండి. 2024 నుంచి యూఏను (పెద్దల తోడుతో పిల్లలు చూడదగ్గ సినిమాకు ఇచ్చేది) 7+, 13+, 16+ అని మూడు మెట్లుగా విడగొట్టారు. హారర్‌కు 13, 16ల మధ్య తేడా పెద్దదే. ‘ఏ’ ఉంటే పద్దెనిమిది నిండనివాళ్లను కూర్చోబెట్టొద్దు.

పరిచయం మూడు వాక్యాల్లో

మొదటి వాక్యంలో చోటు, రెండోదానిలో మనిషి, మూడోదానిలో తేడాగా ఉన్న ఒక్క సంగతి. అంతకు మించి వద్దు. ఇలా:

‘గోదావరి గట్టున ఓ పాత పెంకుటిల్లు. ఆ ఇంటికి అద్దెకొచ్చిన టీచరమ్మ ఒంటరిది. రోజూ ఆవిడ ఒక చెంబు నీళ్లు తాగితే బిందెలో రెండు చెంబుల నీళ్లు తగ్గుతున్నాయి.’

ఇక్కడ దెయ్యం అనే మాట లేదు, ‘భలే ట్విస్టు’ అన్న మాటా లేదు. ట్విస్టు ఉందని చెప్పడమే సగం చెప్పేయడం. వినేవాళ్లు మొదటి పేజీ నుంచే అనుమానాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. మూడో వాక్యాన్ని నవల మొదటి పదో వంతులోంచే తీసుకోవాలి. 300 పేజీల నవలైతే 30వ పేజీ దాటి ఒక్క ముక్క కూడా బయటికి రాకూడదు. సినిమాకైతే మొదటి పావుగంట. ట్రైలర్ అసలు పంపొద్దు, భయపెట్టే నాలుగైదు క్షణాలు అందులోనే ఖర్చయిపోతాయి.

పాత నవల చేతులు మారేటప్పుడు

తెలుగు హారర్ నవలల్లో చాలావాటి పాత ప్రతులు కోఠి, ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్‌ల మీద, విజయవాడ లెనిన్ సెంటర్‌లో దొరికేవే. కొనేటప్పుడు పేజీలు లెక్కపెట్టండి. పుస్తకం ఫారాలుగా, అంటే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచిన కట్టలుగా, అచ్చవుతుంది, ఫారానికి 16 పేజీలు సాధారణం. కాబట్టి ఊడితే ఒక్క కాగితం కాదు, ఎనిమిదో పదహారో పేజీలు ఒక్కసారే పోతాయి. మధ్యలో బొత్తిని వేళ్లతో జరిపి నంబర్లు చూస్తే నిమిషంలో తెలుస్తుంది. చివరి ఫారం తప్పకుండా చూడాలి. అద్దె పుస్తకాల షాపుల నుంచి వచ్చిన ప్రతుల్లో ముందు చిరిగేది చివరి పేజీలే, హారర్‌లో అవి లేకపోతే పుస్తకం లేనట్టే. వారపత్రికల్లోంచి కత్తిరించి కుట్టి బైండు చేయించినవి దొరికితే పేజీ నంబర్లు పనికిరావు. ‘జరిగిన కథ’, ‘సశేషం’ ఒకదానికొకటి అతుకుతున్నాయో లేదో వారం వారం చూసుకోవాలి.

ఇచ్చే ముందు రెండు పనులు. వెనక అట్ట మీద కథాసారం ఉంటే పుస్తకానికి ఖాకీ అట్ట వేయండి. ముందుమాటను రెండు బైండర్ క్లిప్పులతో కలిపి నొక్కేసి, ‘చివర్లో చదవండి’ అని చీటీ పెట్టండి. మన పాత ముందుమాటల్లో రచయిత స్నేహితులు ముగింపుతో సహా కథంతా ప్రేమగా చెప్పేస్తారు.

న్యూస్‌ప్రింట్ కాగితం ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడి పెళుసవుతుంది. పుస్తకాన్ని బల్ల మీద పూర్తిగా వెనక్కి విరిచి పెడితే వెన్ను జిగురు పగిలి ఫారాలు ఊడతాయి. చిరిగిన చోట సెల్లో టేపు అంటించకండి, కొన్నేళ్లకు జిగురు గోధుమరంగు మరకగా మిగిలి అక్షరాల్ని తినేస్తుంది. పలచని కాగితం పట్టీ, మైదా గంజి చాలు. గంజి తడి పూర్తిగా ఆరాకే పుస్తకం మూయాలి, లేదంటే పేజీలు అంటుకుంటాయి, పురుగూ చేరుతుంది.

పుస్తకంతో పాటు ఒక రూళ్ల కాగితం మడిచి ఇవ్వండి. చదివేవాళ్లు ఎక్కడ ఆగి లైటు వేశారో ఆ పేజీ నంబరు మాత్రం అందులో రాయాలి, కారణం రాయకూడదు. నలుగురి చేతులు తిరిగి వచ్చేసరికి ఆ నంబర్లే మంచి చర్చ తెచ్చిపెడతాయి.

వారం వారం చదవడం

తెలుగు హారర్‌కు సీరియల్‌తో పుట్టుబంధం ఉంది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు పాఠకులు వారమంతా ఎదురుచూశారు. ఆ ఎదురుచూపు నవల తయారీలోనే ఉంది: ప్రతి భాగం చివర ఓ మెలిక, తర్వాతి భాగం మొదట్లో చిన్న ఊరట. అలాంటి నవలను ఒక్క రాత్రిలో చదివేస్తే మెలికలన్నీ ఒకదాని మీద ఒకటి పడి మొద్దుబారతాయి. అందుకని నెల రోజులకు నాలుగు భాగాలు చేయండి. పేజీలను సమానంగా కోయకండి, ఎక్కడ ఆగితే తర్వాతి పేజీ తిప్పకుండా ఉండటం కష్టమో అక్కడ కోయండి. ముందు చదివినవాళ్లు ఒక్కరే ఈ కోతలు వేయాలి. ముందే చదివేసినవాళ్లు నోరు విప్పకూడదు, ‘నేను అయిపోగొట్టాను’ అని కూడా అనకూడదు.

తారీఖుల ప్రకారం చదవగలిగిన నవల ఒకటుంది. బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ (1897) మొత్తం డైరీలు, ఉత్తరాలు, పత్రికా వార్తలే. మే 3న మొదలై నవంబరు మొదటి వారం దాకా సాగుతుంది. ఏ తారీఖు డైరీని ఆ తారీఖునే గుంపుకు పంపితే పాత్రలకు తెలిసినంతే మనకూ తెలుస్తుంది. రోజుల తరబడి ఏమీ రాకపోవడమే భయపెడుతుంది. ఒక జాగ్రత్త: పుస్తకంలో అధ్యాయాల వరుస, తారీఖుల వరుస అన్నిచోట్లా ఒకటి కాదు. కాబట్టి ఏప్రిల్‌లోనే కూర్చుని తారీఖులన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించుకోండి. స్టోకర్ 1912లో చనిపోయారు. మూలం మీద హక్కుల గొడవ లేదు, మీరే రోజుకింత తెలుగు చేసి పంపుకోవచ్చు. ఎవరో ఇటీవల చేసిన అనువాదం మీద మాత్రం ఆ అనువాదకుడికి హక్కుంటుంది.

అందరూ కలిసినప్పుడు ఒకరు బిగ్గరగా చదివేటట్టైతే పది నిమిషాలు దాటించకండి. నిమిషానికి 90, 100 మాటల వేగంతో అది వెయ్యి మాటల లోపు. ఏదో మారబోతోందని తెలిసే ఘట్టం ఎంచుకోండి, పతాక ఘట్టం వద్దు. భయం పెరిగేచోట గొంతు పెంచడం అలవాటు, కానీ పెంచొద్దు, తగ్గించండి. వినేవాళ్లు ముందుకు వంగుతారు.

గది, తెర, శబ్దం

సినిమా రాత్రి చెడిపోయేది దాదాపు ఎప్పుడూ సాంకేతిక కారణాలతోనే, అవన్నీ ముందు రోజు సరిచేసుకోదగ్గవే.

మొదట చీకటి. కిటికీలకు దుప్పట్లు కట్టండి. రౌటర్, స్టెబిలైజర్, సెట్‌టాప్ బాక్సు దీపాల మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క వేయండి. తర్వాత తెర. టీవీలో ‘వివిడ్’ తీసేసి ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’ మోడ్ పెట్టండి. కదలికను నునుపు చేసే సెట్టింగును ఆపేయండి, అది ఉంటే సినిమా టీవీ సీరియల్‌లా కనబడుతుంది. నలుపు సరిచేసుకోవడానికి ఒక చీకటి సన్నివేశాన్ని ఆపి, నల్లచొక్కా మడతలు చూడండి. మడతలు అసలు కనబడకపోతే బ్రైట్‌నెస్ ఒక్కో అంకె పెంచండి. నలుపు బూడిదరంగుకు తిరిగితే ఒక అంకె వెనక్కి రండి, ఆ చోటే సరైనది. ‘ఏమీ కనబడట్లేదు’ అని ఎవరో అనగానే బ్రైట్‌నెస్ బాగా పెంచేస్తే మూలల్లో దాగాల్సినవన్నీ బయటపడతాయి.

చీకటి సన్నివేశాల్లో మెట్లు మెట్లుగా చారలు, గళ్లు కనబడుతుంటే తప్పు టీవీది కాదు, ఇంటర్నెట్ మీద వచ్చే చిత్రం నాణ్యత తగ్గిందన్నమాట. యాప్‌లోనే ఎక్కువ నాణ్యతలో ముందుగా డౌన్‌లోడ్ చేసుకోండి, డిస్కు దొరికితే ఇంకా మంచిది. ఫోన్ నుంచి వైర్‌లెస్‌గా పంపొద్దు. సరిగ్గా తలుపు తెరుచుకునే క్షణాన బ్యాంకు మెసేజీ తెర మీదికొస్తుంది.

55 అంగుళాల టీవీ వెడల్పు నాలుగడుగులు, దానికి ఆరేడు అడుగుల దూరంలో ఐదారుగురు కూర్చోవచ్చు. 100 అంగుళాల ప్రొజెక్టర్ తెర వెడల్పు ఏడడుగుల పైచిలుకు, తొమ్మిది నుంచి పన్నెండు అడుగుల దూరం కావాలి.

ఇక శబ్దం. హారర్‌లో సగం పని దానిదే. నిశ్శబ్దానికీ అరుపుకీ మధ్య ఉన్న దూరమే భయం. టీవీలో ‘నైట్ మోడ్’, ‘ఆటో వాల్యూమ్’ ఆ దూరాన్ని చదును చేసేస్తాయి, వాటిని ఆపండి. సినిమాలో అతి మెల్లగా మాట్లాడే చోటు వెతికి, వెనక వరుసలో కూర్చుని, చెవులు రిక్కించకుండా మాట అందే దగ్గర వాల్యూమ్ పెట్టండి. తర్వాత రిమోట్ దాచేయండి. నెమ్మది చోట పెంచి అరుపు చోట తగ్గించే మనిషి ఒక్కరున్నా దర్శకుడి శ్రమంతా వృథా. బ్లూటూత్ స్పీకర్‌లో మాట పెదవుల కంటే ఆలస్యంగా రావచ్చు, వైరు వాడండి. సీలింగ్ ఫ్యాను హోరు సన్నని చప్పుళ్లను మింగేస్తుంది. ఎండాకాలమైతే గదిని ముందే చల్లబరిచి, అసలు ఘట్టాల్లో ఫ్యాను తగ్గించండి. సాయంత్రం ఏడున్నరకు మొదలుపెడితే పదికి అయిపోతుంది, అపార్ట్‌మెంట్లలో తగవూ రాదు.

సబ్‌టైటిళ్ల దగ్గర చాలామంది గమనించని చిక్కొకటి ఉంది. వినికిడి లోపం ఉన్నవారి కోసం చేసిన సబ్‌టైటిళ్లలో చప్పుళ్లను కూడా రాస్తారు. తెర మీద ఖాళీ వరండా ఉంటుంది, పాత్ర ఇంకా ఏమీ వినలేదు, కింద మాత్రం ‘వెనక అడుగుల చప్పుడు’ అని పడుతుంది. అడుగులు వినబడేలోపే మనం చదివేశాం. మీలో అవి అవసరమైనవారు ఉంటే తప్పక ఉంచండి. ఎవరికీ అవసరం లేకపోతే మాటలు మాత్రమే ఉన్నవి ఎంచుకోండి. మలయాళ, తమిళ హారర్‌కు తెలుగు డబ్బింగ్ కంటే అసలు మాటలు, సబ్‌టైటిళ్లే మేలు, నటుల ఊపిరి, గుసగుస డబ్బింగ్‌లో పోతాయి. మీరే తెలుగు సబ్‌టైటిల్ ఫైలు చేసుకుంటే యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు చెదరకుండా దాచే ఫైలు పద్ధతి) సేవ్ చేయండి, లేకపోతే అక్షరాల బదులు పిచ్చిగీతలు వస్తాయి.

చిప్స్ ప్యాకెట్లన్నీ ముందే స్టీలు గిన్నెల్లోకి వంచేయండి, కవరు గలగల ఒక్కటి చాలు గదంతా తేలిపోవడానికి. పునుగులు, అరటిపండ్లు చప్పుడు చేయవు. ఫోన్లన్నీ బుట్టలోకి, చేతికున్న స్మార్ట్‌వాచీలతో సహా. విరామం తప్పదనుకుంటే పగటి సన్నివేశం మొదలయ్యే చోట ఆపండి.

చూశాక

లైట్లు వెంటనే వేయకండి. పేర్లు పడటం అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత చిన్న దీపం వేసి తలా ఒక చీటీ ఇచ్చి, ‘ఎక్కడ ఒళ్లు జలదరించింది?’ అని ఒక్క లైను రాయమనండి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే అందరూ విమర్శకులైపోతారు, ముందు గట్టిగా మాట్లాడినవారి అభిప్రాయమే అందరిదీ అవుతుంది. చీటీలు తెరిచాక ఎక్కువమంది రాసిన సన్నివేశాన్ని మళ్లీ వేయండి, ఈసారి శబ్దం పూర్తిగా తీసేసి. చాలాసార్లు అక్కడ తెర మీద ఏమీ ఉండదు, నడవా, తలుపు, ఒక మనిషి వీపు. మళ్లీ శబ్దంతో వేస్తే భయం ఎక్కడినుంచి వచ్చిందో అందరికీ వినబడుతుంది. ఈ పది నిమిషాల పని గంట చర్చకన్నా ఎక్కువ నేర్పుతుంది.

నవల, సినిమా జతగా పెట్టుకున్న నెలలో నవలే ముందు. ‘తులసిదళం’ కొనసాగింపు ‘తులసి’ నవల ఆధారంగా 1986లో ‘కాష్మోరా’ సినిమా వచ్చింది. అలాంటి జతల్లో ‘నవలే బాగుంది’ అన్న తీర్పు దగ్గర ఆగిపోకండి. నవలలో పాత్ర మనసులో నడిచిన భయాన్ని సినిమా దేనితో చూపించింది, లైటుతోనా, నీడతోనా, ముఖంతోనా, లేక వదిలేసిందా అని వెతకండి.

విదేశీ జత కావాలంటే ‘డ్రాకులా’, దాన్నుంచి అనుమతి లేకుండా జర్మనీలో తీసిన ‘నోస్‌ఫెరాటు’ (1922). పేర్లు మార్చినా స్టోకర్ భార్య కోర్టుకెళ్లారు. 1925లో ప్రతులన్నీ ధ్వంసం చేయమని తీర్పొచ్చినా కొన్ని మిగిలాయి. మూకీ కాబట్టి భాషతో పనిలేదు. మధ్యలో వచ్చే రాతపలకలను మీలో మంచి గొంతున్నవారు తెలుగులో చదువుతుంటే గంటన్నర ఎలా గడిచిందో తెలియదు.

వాట్సాప్‌లో, దూరాన ఉన్నవారితో

మెసేజీలో మొదటి రెండు లైన్లు నోటిఫికేషన్‌లోనే కనబడతాయి, దాచినా దాగవు. అందుకే మొదటి లైనులో నవల పేరు, రెండో లైనులో ‘112వ పేజీ దాకా’ అని రాసి, నాలుగైదు లైన్లు ఖాళీ వదిలి అసలు మాట మొదలుపెట్టండి. టెలిగ్రామ్‌లోనైతే మాటను కప్పి ఉంచే సదుపాయం ఉంది. పోస్టర్లు, మీమ్‌లు నెలాఖరు దాకా వద్దు.

అమెరికాలో ఉన్న మిత్రులతో ఒకే సమయానికి చూడాలని పట్టుబట్టకండి. ఇక్కడ శనివారం రాత్రి తొమ్మిదంటే న్యూయార్క్‌లో వేసవిలో పగలు పదకొండున్నర. ఎండ పడే గదిలో హారర్ పనిచేయదు. ఎవరి శుక్రవారం రాత్రి వాళ్లు చూసి, మన ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు మాట్లాడుకోండి. అప్పుడు న్యూయార్క్‌లో శనివారం రాత్రి పదకొండు, కాలిఫోర్నియాలో ఎనిమిది. చలికాలంలో అక్కడ గంట వెనక్కి జరుగుతుంది.

హక్కులు

జీవించి ఉన్న రచయిత నవల పీడీఎఫ్ గుంపులో పెట్టకండి. తెలుగు పుస్తకాల మార్కెట్ చిన్నది, పాత నవల మళ్లీ అచ్చు కావాలంటే కొనేవాళ్లు కనబడాలి. ఒకే ప్రతి ఎనిమిది చేతులు మారడంలో తప్పు లేదు. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, సినిమాకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికి మాత్రమే. హాలు తీసుకుని నలుగురిని పిలిస్తే, టికెట్ లేకపోయినా, హక్కుదారు నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

చేతబడి మాట వచ్చినప్పుడు

తెలుగు హారర్ మాట్లాడుకుంటే ఏదో ఒక రాత్రి చేతబడి, బాణామతి ప్రస్తావన వస్తుంది. ఇది కథతో ఆగే సంగతి కాదు. మెదక్ వైపు పల్లెల్లో బాణామతి చేశారన్న నెపంతో మనుషుల్ని కొట్టి పళ్లు ఊడగొట్టిన, చంపిన ఘటనలు పత్రికలకెక్కాయి. చేతబడి చుట్టూ నడిచే ‘తులసిదళం’ మూఢనమ్మకాలకు ఊతమిస్తోందని రచయిత్రి రంగనాయకమ్మ తీవ్రంగా విమర్శించారు. నవలను ప్రేమించేవాళ్లు ఆ విమర్శనూ చదవాలి, రెండూ ఒకే నెలలో పెట్టుకుంటే ఇంకా మంచిది. చర్చలో ఎవరైనా ‘మా ఊళ్లో ఫలానా ఆవిడ నిజంగానే చేస్తుంది’ అని మొదలుపెడితే అక్కడే ఆపించండి. పేరు, ఊరు గదిలోనూ వద్దు, గుంపులోనూ వద్దు. ‘ఆ కథ మీకు ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, చెప్పేటప్పుడు దీపం ఉందా?’ అని మాట మళ్లించండి. అప్పుడు ఆయన చిన్నప్పుడు అరుగు మీద విన్న కథ బయటికొస్తుంది.